పూత లేని గోడ

దమ్మపేట,
4 నవంబరు 2007

చెల్లెలు ఆరాధనకు,

నువ్వు కులాసాగానే ఉన్నావని వేరే అడగనక్కర లేదు. ఒంట్లో బాగాలేని మనిషి ఇంత సన్నని గీతలు గీయలేదు. డ్రాయింగుల చుట్ట నిన్న సత్తుపల్లి బస్సు డ్రైవరు ఇచ్చాడు. సిమెంటు బస్తాల మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి రెండుసార్లు చూశాను. ఆ తరవాత వడ్రంగి గోపాలును పిలిచి, నాకు కనిపించిందే అతనికీ కనిపిస్తోందా అని అతని చేత కూడా చూపించాను.

హాలులో ఇరవై రెండు అడుగుల పొడవు, పదకొండు అడుగుల ఎత్తు గోడ. ఇటుక లేదు, అంతా కాంక్రీటే. సరే, పోస్తాం. కాని దానికి ప్లాస్టింగు లేదు, లప్పం లేదు, రంగు లేదు. పోత చుట్టూ బిగించిన చెక్కలు విప్పాక ఎలా వస్తే అలా వదిలేయాలట. వంటగట్టు కాంక్రీటు, కూర్చునే బల్ల కాంక్రీటు, నేల కూడా కాంక్రీటే. ఆరా, మన వైపు పూత పూయని ఇల్లంటే కట్టేవాడు మధ్యలో చేతులెత్తేసిన ఇల్లు. ఇరవై ఏళ్ళుగా తాపీ పట్టాను. మేస్త్రీ పనితనమంతా చివరి పూతలోనే తెలుస్తుందని నాకు పని నేర్పినవాళ్ళు చెప్పారు. ఆ పూతే వద్దంటే ఇక నేను చూపించుకునేది ఏముంది?

ఇంటి యజమాని వెంకటేశ్వరరావు గారికి పామాయిలు తోట తప్ప ఇంకో ధ్యాస లేదు. ఈ మోజంతా ఆయన భార్య పుష్పలత గారిదే. ఏదో పుస్తకంలో బొమ్మ చూసి మీ ఆఫీసు వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చింది ఆమే కదా. మొన్న పునాది దగ్గర నిలబడి అడిగింది: "మేస్త్రీ, గోడ మీద చెక్క గీతలు కనబడాలె. చేయగలవా?" నేను "అవ్ అమ్మా" అన్నాను. అనేశాక భయమేసింది.

ఒక మాట. ఫోను చేయొద్దు. మిక్సరు పక్కన నిలబడీ నిలబడీ నా చెవులు సగం పోయాయి. నీ గొంతు వినపడుతుంది గాని మాట తెలియదు. తెలిసినట్టు తలూపి తప్పు కట్టలేను. ఏదైనా కాగితం మీద రాయి. కాగితం మీద ఉన్నదే కడతాను.

ఇంకో మాట కూడా. మీ సారుకు నా పేరు చెప్పి ఈ పని ఇప్పించావు. అమ్మా నాన్నా ఉండి ఉంటే ఎంత మురిసిపోయేవాళ్ళో. నాకు కావలసింది ఒక్కటే. ఇల్లు పూర్తయిన రోజు ఆ గోడ ముందు నిలబడి, "ఇది పోసింది మా అన్నయ్య" అని నలుగురి ముందు చెప్పు. నేను కట్టిన ఇళ్ళు ఏన్కూరు నుంచి భద్రాచలం దాకా ఉన్నాయి. ఒక్క ఇంట్లో కూడా ఎవరూ నా పేరు ఎత్తలేదు. నువ్వు ఎత్తితే చాలు.

మీ వదిన నీకు పచ్చడి పంపిస్తానంటోంది.

అన్నయ్య
జయరాజ్

*

సికింద్రాబాదు,
13 నవంబరు 2007

మొండి అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి పెద్దగా నవ్వాను. పక్క బల్ల అమ్మాయి ఏమిటని అడిగింది. చెప్పలేదు.

పూత ఎందుకు పూస్తారో నిజం చెప్పు. వంకర గోడ వంకర కనిపించకుండా, గుల్ల గోడ గుల్ల కనిపించకుండా ఉండటానికే కదా. నీ గోడలో వంకర ఉండదు, గుల్ల ఉండదు. అందుకే పూత వద్దంటున్నాను. ఈ పని వేరే మేస్త్రీ చేతిలో పెట్టి ఉంటే నేనే పూత వేయించి ఊరుకునేదాన్ని. చూసినవాళ్ళకు కాంక్రీటే కనిపించాలి, ఆ కాంక్రీటులో నీ చెయ్యి కనిపించాలి.

జాగ్రత్తలు రాస్తున్నాను, గోపాలుకు కూడా చదివి వినిపించు. చెక్కలన్నీ ఒకే వెడల్పువి తీసుకోండి, సందులు బిగించండి, సిమెంటు పాలు కారిపోకూడదు. చెక్కలకు పాత ఇంజను ఆయిలు పూయొద్దు, నల్ల మరక పడుతుంది. స్విచ్చి డబ్బాలు, పైపులు ముందే లోపల పెట్టేయాలి, ఈ గోడను తరవాత చెక్కడానికి వీల్లేదు. పోయడం ఒక్క రోజులో అయిపోవాలి. మధ్యలో ఆపితే ఆపినచోట అడ్డంగా గీత కనిపిస్తుంది. చెక్కలు విప్పాక రెండు వారాలు గోనెసంచులు కప్పి తడి ఆరకుండా చూడు. అది నీకు తెలిసిందే.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. మా ఆఫీసులో చుట్టాలకు పనులు ఇప్పించకూడదు. ఇదివరలో ఒకతను బావమరిదికి ఇప్పించి గొడవైంది, అతన్ని తీసేశారు. అందుకని నువ్వు మా అన్నయ్యవని సారుకు చెప్పలేదు. ఖమ్మం వైపు మంచి పనివాడని మాత్రమే చెప్పాను. సైటులో నన్ను మేడం అని పిలువు. నవ్వుకోకు. పుష్పలత గారికి కూడా తెలియకూడదు, ఆమె సారుతో వారానికోసారి మాట్లాడుతుంది.

ఇది నేను సొంతంగా గీసిన మొదటి ఇల్లు. బాగా వస్తే ఖమ్మంలో ఆఫీసు పెట్టి నాకు అప్పగిస్తానన్నాడు సారు. అప్పుడు అడిగేవాడెవడు? పనులన్నీ మనవే. ఇల్లు పూర్తయిన రోజు నువ్వు కోరినట్టు గోడ ముందు నిలబడి చెబుతాను. ఒట్టు.

నీ
ఆరాధన

*

దమ్మపేట,
3 డిసెంబరు 2007

మేడం గారికి,

(ఇంకా అలవాటు చేసుకుంటున్నాను.)

మొన్న నువ్వు కారు దిగగానే "నమస్తే మేడం" అన్నానా, మన రూప్‌సింగ్ నవ్వు ఆపుకోలేక ఇసుక కుప్ప వెనక్కి పోయాడు. ఏన్కూరు తండా నుంచి పదేళ్ళుగా నాతో పనిచేస్తున్నవాడు, నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. వాడి ముందు నాటకం ఆడటం కష్టం. నువ్వు మాత్రం బాగా ఆడావు. "మేస్త్రీ, ఈ చెక్క మార్చండి" అన్నప్పుడు నాకే అనుమానం వచ్చింది, ఈమె నిజంగానే ఎవరో మేడమేమో అని.

పుష్పలత గారింట్లో నీకు భోజనం పెట్టారు, సంతోషం. మీ వదిన నీకోసం పొద్దున్నే లేచి బొమ్మిడాల పులుసు వండి డబ్బాలో పంపింది. షెడ్డులో పెట్టి ఉంచాను. నువ్వు ఒక్క నిమిషం ఇటు వస్తావేమో అనుకున్నాను. కారు వెళ్ళిపోయాక మేమే తిన్నాం. మీ వదినకు మాత్రం నువ్వే తిన్నావని చెప్పాను, పులుపు సరిపోయిందని కూడా చెప్పాను. నువ్వు రాసేటప్పుడు అదే రాయి.

పని సంగతి. గోపాలు చెక్కలన్నీ ఒక్కొక్కటి చిత్రిక పట్టి బిగించాడు. ఇంత శ్రద్ధగా అతను సొంత ఇంటి తలుపు కూడా చేసుకోలేదు. కొత్త ఆయిలు డబ్బా తెచ్చాను. పంతొమ్మిదిన పోస్తాం.

ఒకటి అడగాలి. గోడ పెద్దది, కప్పడానికి అరవై డెబ్బై సంచులు కావాలి. మేం మామూలుగా భద్రాచలం రోడ్డులో అడవి సరుకు కొనే పగిడయ్య కొట్టు నుంచి పాత సంచులు తెచ్చుకుంటాం. ఇప్పుడు అతని దగ్గర కరక్కాయ సంచులు ఉన్నాయి, లోపల కాస్త పొడి ఉంటుంది. ఎన్నో స్తంభాలకు, స్లాబులకు కప్పాను, ఏమీ కాలేదు. కాని అవన్నీ తరవాత పూత పూసినవి. దీనికి పూత లేదు కదా. ఇవి పనికొస్తాయా, వేరేవి తేవాలా? రాయి.

అన్నయ్య

*

సికింద్రాబాదు,
10 డిసెంబరు 2007

అన్నయ్యా,

హడావుడిలో రాస్తున్నాను. వేరే ఇల్లు ఒకటి నా నెత్తిన పెట్టారు.

సంచి ఏదైతే ఏంటి, గోడ తడి ఆరకుండా ఉండటం ముఖ్యం. ఉన్నవి కప్పేయి. ఇలాంటివి కూడా నన్ను అడగాలా?

వదినతో పులుసు చాలా బాగుందని చెప్పు. ఆ రోజు షెడ్డు వైపు రాలేకపోయాను, పుష్పలత గారు చెయ్యి వదల్లేదు.

ఆరాధన

*

దమ్మపేట,
23 డిసెంబరు 2007

బంగారు చెల్లికి,

గోడ నిలబడింది!

పంతొమ్మిదిన తెల్లవారుతూనే మిక్సరు తిప్పాం. రూప్‌సింగ్ తండా నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. ఆడవాళ్ళు తట్టలు అందిస్తుంటే నేను పైన నిలబడి కాంక్రీటును కుదించే వైబ్రేటరు నా చేత్తోనే పట్టాను, ఎవరికీ ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నానికి కూడా అందరం ఒకేసారి దిగలేదు. సగం మంది తింటే సగం మంది పోశారు. పొద్దు వాలకముందే పైదాకా వచ్చేసింది.

నిన్న చెక్కలు విప్పాం. గోపాలు మొదటి చెక్క లాగేటప్పుడు నేను అటు తిరిగి నిలబడ్డాను. "ఓ మేస్త్రీ, గిటు చూడు" అన్నాడు. చూశాను. ఎక్కడా గుల్ల లేదు. ఒక్క కంకర రాయి బయటపడలేదు. చెక్కలో ఉన్న నరాలు, కన్నులు అన్నీ గోడ మీద అచ్చు పడ్డాయి. పొద్దుటి ఎండ పక్క కిటికీ నుంచి పడితే ఒక్కో గీతా కనిపిస్తోంది. నువ్వు చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. దీని మీద పూత పూస్తే నేనే తాపీ విరగ్గొట్టి పారేస్తాను.

పుష్పలత గారు వచ్చి అరచేత్తో తడిమి, "గింత సల్లగుందేంది, ఎంత మంచిగొచ్చింది మేస్త్రీ" అని ఆయన్ను కూడా పిలుచుకొచ్చి చూపించింది. వెంకటేశ్వరరావు గారు జన్మలో మొదటిసారి తోట గురించి కాకుండా వేరే మాట అడిగారు: "ఇది నువ్వే పోసినవా?"

నేనే పోశానని చెప్పాను. మిగతాది నువ్వు చెబుతావని ఊరుకున్నాను.

సంచులు కప్పేశాం. రోజుకు మూడుసార్లు బోరు నీళ్ళు కొడుతున్నాం. క్రిస్మసుకు నువ్వు రాలేనన్నావు గదా, గుడిలో నీ పేరు మీద ప్రార్థన చేయిస్తాను. గోడ గురించి కూడా చేయిస్తాను, పాస్టరుగారు నవ్వితే నవ్వుకోనీ.

మీ అన్నయ్య

*

సికింద్రాబాదు,
1 జనవరి 2008

మా అన్నయ్యకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి ఏడ్చాను కూడా. గోడ ఫోటో లేకపోయినా నాకు కళ్ళ ముందు కనిపించింది.

సారుకు చెప్పాను. ఆయన ఒక పత్రిక ఫోటోగ్రాఫరును మాట్లాడారు. పన్నెండో తేదీ శనివారం మేమందరం వస్తున్నాం. ఆ లోపల సంచులు తీసేసి, నేల కడిగించి ఉంచు. ఆ రోజు ఫోటోలు బాగా వస్తే ఖమ్మం ఆఫీసు నాకు వచ్చినట్టే.

నువ్వు అడిగిన సంగతి నాకు గుర్తుంది. ఆ రోజే చెప్పేద్దామనుకుంటున్నాను. సారు ఏ మూడ్‌లో ఉంటాడో చూసుకుని చెబుతాను. నువ్వు మాత్రం తొందరపడకు. మంచి చొక్కా వేసుకో.

ఆరాధన

*

దమ్మపేట,
8 జనవరి 2008

ఆరా,

ఈ ఉత్తరం తపాలాలో వేస్తే ఆలస్యమవుతుందని హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. మీ ఆఫీసులో ఇచ్చి వెళ్ళమన్నాను.

నిన్న సంచులు తీశాం. గోడ నల్లబడింది.

దుమ్ము కాదు, పాచి కాదు. సిరా ఒలికినట్టు నీలి నలుపు మచ్చలు. పైనుంచి కిందిదాకా చారలు దిగాయి, సంచి నేత కూడా కొన్నిచోట్ల అచ్చు పడింది. బ్రష్షు పెట్టి రుద్దాం. సబ్బు నీళ్ళతో రుద్దాం. గోపాలు ఒక మూల ఉప్పు కాగితంతో గీకితే మచ్చ పోలేదు గాని చెక్క గీత పోయింది. వద్దని ఆపేశాను.

కరక్కాయ పొడి, బోరు నీళ్ళల్లో ఇనుము. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో నాకు తెలియకపోలేదు. చిన్నప్పుడు అమ్మ కరక్కాయలు నానబెట్టి తుప్పు మేకులు వేసి మన బడికి సిరా చేసేది. చేతులారా పదిహేను రోజులు గోడకు సిరా పట్టించాను. పూత పూసే గోడలకు కప్పీ కప్పీ నా బుర్రలోకి ఆ సంగతి రానేలేదు. అనుమానం వచ్చి నిన్ను అడిగాను, నువ్వు పరవాలేదన్నావు. నిన్ను తప్పు పట్టడం లేదు. ఇద్దరం చూసుకోలేదు.

శనివారం వాళ్ళను తీసుకురావద్దు. ఏదో ఒకటి చెప్పి ఆపు. లేకపోతే సారుతో ముందే ఉన్న మాట చెప్పు, మేస్త్రీ అడిగాడు, నేను సరేనన్నాను, ఇద్దరికీ తెలియలేదు అని. మనిషి అన్నాక అర్థం చేసుకుంటాడు. పుష్పలత గారు అరచేత్తో ఒకసారి తడిమి వెళ్ళిపోయింది. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

జవాబు వెంటనే రాయి.

జయరాజ్

*

హైదరాబాదు,
17 జనవరి 2008

తాపీ మేస్త్రీ జయరాజ్ గారికి,

విషయం: దమ్మపేటలో శ్రీ వెంకటేశ్వరరావు గారి గృహనిర్మాణంలో లోపం.

పై ఇంటి హాలులోని కాంక్రీటు గోడను మా సంస్థ ప్రతినిధులు ఈ నెల 12వ తేదీన పరిశీలించగా, తడిపే సమయంలో తగని సంచులు వాడినందువల్ల గోడ పూర్తిగా మరకలు పడి, అనుకున్న రూపం దెబ్బతిన్నట్లు తేలింది. మా సంస్థకు గానీ, మా ఆర్కిటెక్టుకు గానీ తెలియజేయకుండా మీరు ఈ సంచులు వాడటం తీవ్రమైన నిర్లక్ష్యంగా భావిస్తున్నాము. సదరు గోడకు మీరే ప్లాస్టరింగు చేసి, రంగు వేసి అప్పగించవలసినదిగా కోరుతున్నాము. ఇకపై మా సంస్థ పనులకు మిమ్మల్ని పరిగణించబోము.

నకలు: శ్రీ వెంకటేశ్వరరావు గారికి.

ఆరాధన,
ఆర్కిటెక్టు

(వెనకవైపు, చేతిరాతతో)

అన్నయ్యా, ఇది సారు చెప్పి రాయించింది. నేను సంతకం మాత్రమే పెట్టాను. మనసులో పెట్టుకోకు. వివరంగా తరవాత రాస్తాను.

*

దమ్మపేట,
24 జనవరి 2008

ఆర్కిటెక్టు ఆరాధన గారికి,

మీ నోటీసు అందింది. ప్లాస్టింగు చేసి అప్పగిస్తాను.

ఆ శనివారం నువ్వూ అక్కడే ఉన్నావు. అయినా నేను నిలబడ్డ చోటు నుంచి ఎలా కనిపించిందో రాస్తాను. నువ్వు ఇటు చూడలేదు కాబట్టి నీకు తెలియదు.

మంచి చొక్కా వేసుకోమన్నావు, వేసుకున్నాను. ఫోటోగ్రాఫరు మూడు కాళ్ళ స్టాండు విప్పబోయి మళ్ళీ మడిచేశాడు. మీ సారు గోడను వేలితో గీకి, వేలు చూసుకుని, ఇది ఎవరి పని అన్నాడు. అప్పుడు నువ్వు నా వైపు తిరిగి, "మేస్త్రీ, ఈ సంచులు కప్పమని నీకు ఎవరు చెప్పారు?" అన్నావు.

నాటకంలో మనం అనుకున్న మాట కాదు అది. సైటులో "మీరు" అనేదానివి, ఆ రోజు "నువ్వు" అన్నావు. ఇంట్లో నన్ను "నువ్వు" అంటే నాకు ముద్దు. అక్కడ పలికిన "నువ్వు" వేరు.

డిసెంబరు పదో తేదీన నువ్వు రాసిన ఉత్తరం నా జేబులోనే ఉంది. పని ఉత్తరాలన్నీ నేను జేబులోనే పెట్టుకుంటాను, చెవులు లేనివాడికి అవే చెవులు. చెయ్యి జేబు దాకా పోయింది. నీ ముఖం చూశాను. "తప్పయింది మేడం" అన్నాను.

అది కూడా పరవాలేదు. మీ సారు "ఈ లోకల్ మేస్త్రీలతో ఇదే సమస్య, చెప్పింది బుర్రకెక్కదు" అన్నాడు. నాకు వినపడలేదనుకున్నారేమో, అంత దగ్గర నుంచి అంటే వినపడుతుంది. నువ్వు తలూపావు. ఊపకుండా ఉండొచ్చు ఆరా. ఊరికే నిలబడితే సరిపోయేది. నిన్ను ఎవరూ అడగలేదు.

మీరు వెళ్ళాక రూప్‌సింగ్ నా మీద పడ్డాడు. "గా కాయితం ఎందుకు తియ్యలే? నీ చెల్లె గనక ఊకున్నవా? గామె నిన్ను అన్ననే అనుకున్నదా మరి?" అని తండా కూలీలంతా వినేలా అరిచాడు. వాడిని కసిరాను. నా చెల్లెల్ని అనడానికి వాడెవడు అన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళి మీ వదినకు కూడా ఏమీ చెప్పలేదు.

ఒక ఆశ మిగిలింది. బస్సు డ్రైవరుకు ఇచ్చిన ఉత్తరం నీకు అందలేదనే అనుకుంటున్నాను. అందక, గోడ అలా చూసి, కంగారులో నోరు జారావు. అలా అయితే చెప్పు. నాకు కోపం లేదు. నోటీసు చింపి పొయ్యిలో వేస్తాను.

జయరాజ్

*

సికింద్రాబాదు,
6 ఫిబ్రవరి 2008

అన్నయ్యా,

అబద్ధం రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీ ఉత్తరం నాకు తొమ్మిదో తేదీనే అందింది.

మూడు రోజులు ఆలోచించాను. సారుతో నిజం చెబుదామని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపల ఆయన ఎవరికో చెబుతున్నాడు, "ఆ అమ్మాయి మొదటి ఇల్లు, చూడాలి మీరు" అని. వెనక్కి వచ్చేశాను. దమ్మపేట వచ్చేటప్పుడు కారులోనే నిర్ణయించుకున్నాను ఏం అనాలో. కంగారులో నోరు జారలేదు. నువ్వు నన్ను కాపాడతావని నాకు తెలుసు, అందుకే అన్నాను. నీకు తెలియాలని రాస్తున్నాను.

నన్ను తిట్టుకో. కాని నేను ఎక్కడ కూర్చుని పని చేస్తున్నానో కూడా చూడు. ఈ ఆఫీసులో పదకొండు మంది ఆర్కిటెక్టుల్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నా పేరు వినగానే ఊరేది, మీ నాన్నగారేం చేసేవారు, మీవాళ్ళెవరు అని తీగ లాగుతారు. మొదటి రోజే మా అన్నయ్య ఇరిగేషన్‌లో ఇంజనీరు అని చెప్పాను. ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా నువ్వు ఇంజనీరువే. సంచుల సంగతి ఒప్పుకుంటే ఉత్తరం చూపించాలి, ఉత్తరంలో అన్నయ్యా అని ఉంది. అక్కడి నుంచి అన్నీ బయటికి వస్తాయి.

నన్ను చదివించింది నువ్వు. హాస్టలు ఫీజుకు నువ్వు ఎండలో స్లాబుల మీద నిలబడ్డావు, నీ చెవులు పోయింది కూడా అక్కడే. నాకు తెలుసు. ప్రతి ఉత్తరంలో నువ్వు చెప్పకపోయినా ఆ మాట నాకు వినపడుతూనే ఉంటుంది. ఒక్కోసారి అది మోయలేక నీ మీదే కోపం వస్తుంది. ఇది కూడా నిజమే.

ఖమ్మం ఆఫీసు నాకే ఇచ్చారు. తప్పు మేస్త్రీదని తేలింది కాబట్టి. జూన్ నుంచి అక్కడే ఉంటాను. నోటీసు సంగతి నేను చూసుకుంటాను, ఏడాది తిరిగేసరికి నీకు పనులు ఇప్పించే పూచీ నాది. ఇంకో గోడ పోద్దాం అన్నయ్యా. దాని ముందు నిలబడి చెబుతాను. ఈసారి నిజంగా చెబుతాను.

ఏదైనా రాయి. తిట్టి అయినా రాయి.

ఆరాధన

*

దమ్మపేట,
20 మార్చి 2008

ఆరాధనకు,

నీ ఉత్తరం అంది నెల దాటింది. పని పూర్తిచేసి రాద్దామని ఆగాను.

గోడకు పూత నేనే పూశాను. గోపాలునూ రూప్‌సింగ్‌నూ దగ్గరికి రానివ్వలేదు. పూత పట్టాలంటే ముందు గోడకు గంట్లు పెట్టాలి. సుత్తీ ఉలీ పట్టుకుని ఆ చెక్క గీతల మీదే ఒక చివర నుంచి గంట్లు పెట్టుకుంటూ వచ్చాను, ఒకటిన్నర రోజు పట్టింది. ఆ తరవాత రెండు రోజులు పూత. నా చేతి మీదుగా ఇంత నున్నటి గోడ ఎప్పుడూ రాలేదు. రంగు పుష్పలత గారు చెప్పారు, లేత పసుపు. ఇప్పుడది ఊళ్ళో అందరి గోడల్లాంటి గోడే.

నువ్వు నిజం రాశావు, అందుకు సంతోషం. నేను అందలేదనుకున్న ఉత్తరం అందిందని రాయడానికి నీకు ఎంత కష్టమైందో ఊహించగలను. నేను ఫీజుల మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోయినా నీకు వినపడుతోందంటే దానికి నేను చేయగలిగింది లేదు. ఇకమీదట వినపడకుండా చూసుకుంటాను.

ఇంకో గోడ పోద్దామన్నావు. నాకు ఇంకో గోడ అక్కరలేదు ఆరాధనా. నాకు కావలసింది ఈ గోడ ముందే అడిగాను, అది నల్లబడ్డ రోజునే చెప్పాల్సింది. బాగున్న గోడ ముందు ఎవరైనా చెబుతారు.

పోయిన సోమవారం గృహప్రవేశం. మీ సారు వచ్చాడు. నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. నేను పనివాళ్ళతో షెడ్డులోనే తినేవాణ్ణి, కాని పుష్పలత గారు వచ్చి పట్టుబట్టి బంతిలో కూర్చోబెట్టింది. మీ సారు నాకు రెండు ఆకుల అవతల కూర్చున్నాడు. ఆమే స్వయంగా వడ్డిస్తూ నా ముందు ఆగింది. గరిటె పట్టుకుని నా ముఖంలోకి చూసి అడిగింది:

"మేస్త్రీ, గా మేడం, నువ్వు నవ్వితే ఒక్క తీరే ఉంటరు. నాకు మొదటి సంది గిదే డౌటు. ఆమె నీకేమన్న చుట్టమా?"

మీ సారు తినడం ఆపి ఇటు తిరిగాడు. నువ్వు ఆరేళ్ళుగా కట్టుకున్నదంతా నా నోటి దగ్గర ఉంది. అవ్ అంటే చాలు, ఆ గోడ పోసింది ఎవరో, ఎవరి అన్నో ఆ బంతి మొత్తానికి తెలిసిపోతుంది. నాలుగు నెలలుగా నేను ఎదురుచూసిన మాట నేనే చెప్పుకోవచ్చు.

"లేదమ్మా, నాకు అక్కచెల్లెండ్లు లేరు" అన్నాను.

మీ సారు మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. పుష్పలత గారు "అయ్యో, ఒక్కడివేనా" అని నా ఆకులో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆకు ఖాళీ చేసి లేచాను.

ఇంటికొచ్చాక మీ వదినకు చెప్పాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, ఎందుకంటే ఆ మాట అబద్ధమని నాకు అనిపించలేదు.

జయరాజ్